జాలీ అర్రలో పచ్చ పావురాల జంట

భారతదేశం మొత్తంలో పచ్చ పావురాలను జాలీలో పెంచి, పొదిగించి, పిల్లలు చేయించిన మొదటి మనిషిని నేనే. అప్పటికి నాకు పదకొండేళ్లు. పన్నెండు పిల్లలు. ఒక్కటి కూడా చావలేదు.

ఈ మాట మొన్న పొద్దున అశోక్‌నగర్‌లో ఒక రావిచెట్టు కింద నిలబడి, మెడలో కెమెరా వేసుకున్న ఒక అమ్మాయితో అన్నాను. ఫుట్‌పాత్ నిండా రావిపండ్లు రాలి ఉన్నాయి. స్కూటర్ల చక్రాల కింద నలిగి, పులిసిన కల్లులాగా తియ్యగా, పుల్లగా ఒక వాసన. ఆ వాసనకే కాళ్లు ఆగిపోయాయి. అంతలో పైనుంచి ఈల. అప్పుడప్పుడే ఈల నేర్చుకుంటున్నవాడు రాగం మొదలుపెట్టి, కిందికి జారి, మధ్యలో మర్చిపోయినట్టుండే ఈల. అరవై ఏళ్లు దాటింది అది వినక.

"అంకుల్, కదలకండి ప్లీజ్. పైన గ్రీన్ పిజన్స్ ఉన్నయ్. ఆరు," అంది ఆ అమ్మాయి.

"ఎనిమిది," అన్నాను తలెత్తకుండానే.

"అరె! మీకెట్ల తెలుసు?"

ఇంకేం, మొదలుపెట్టాను. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసి, "పన్నెండా! ఇప్పుడైతే పోలీసులు పట్టుకపోతరు అంకుల్, పెంచొద్దు వాటిని," అంది. ఆ మాట నిజమే, మంచిదే కూడా. తర్వాత ఫోన్ తీసి, "ఇంకోసారి చెప్పండి, వీడియో తీస్తా," అంది. వీడియోలో పన్నెండు కాస్తా పద్నాలుగయ్యాయి.

ఇంటికి నడిచి వచ్చేసరికి ఆ పద్నాలుగూ దారిలో ఒక్కొక్కటే రాలిపోయాయి. మిగిలింది ఒకటి. పుట్టింది ఆ ఒక్కటే. అదీ బతకలేదు. పొదిగించింది నేనూ కాదు. ఆ సంగతి రాద్దామనే కూర్చున్నాను.

చిక్కడపల్లిలో మాది పెంకుటిల్లు. ముందు రెండు గదులు కిరాయికి ఇచ్చి వెనక మేం ఉండేవాళ్లం. అమ్మ, నాన్న, నాకంటే రెండేళ్లు పెద్దదైన అక్క, పెళ్లి చేసుకోని పెద్దనాయన. పెద్దనాయన ఒక నవాబుల పాత బంగళాలో, దేవిడీ అంటారు దాన్ని, గుమాస్తాగా ఉండేవాడు. కాలం మారి ఆ దేవిడీ అమ్ముడుపోయినప్పుడు, పనిచేసినవాళ్లను తలా ఒక వస్తువు గుర్తుగా తీసుకుపొమ్మన్నారట. ఒకాయన గోడగడియారం తీసుకున్నాడు. ఒకాయన నగిషీ కుర్చీ. వంటాయన రాగి గంగాళం. మా పెద్దనాయన తోటలో ఉన్న పక్షుల అర్రలోకి పోయి ఒక జత పచ్చ పావురాలను పట్టి, బుట్టలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, ఒళ్లో పెట్టుకుని రిక్షాలో వచ్చాడు.

అమ్మ గడపలోనే అడిగింది. "బావగారూ, ఆడ గడియారాలు లేకుండెనా?"

"గడియారం ఎన్నడైనా కొనుక్కుంటం గదమ్మా," అన్నాడు ఆయన, బుట్ట గుండెకు దగ్గరగా పట్టుకుని.

దేవిడీలో వాటిని హరియల్ అనేవారట. ఆకుపచ్చ ఒళ్లు, బూడిదరంగు తల, భుజం మీద వంగపువ్వు రంగు మరక, పసుపు కాళ్లు. ఆడది ఏదో మగది ఏదో మామూలు కంటికి తెలియదు. పెద్దనాయనకు తెలిసేది. తర్వాత అక్కకు తెలిసింది. నాకు తెలుసని నేను అనుకున్నాను.

వెనక వాకిట్లో జామచెట్టును మధ్యలో పెట్టి ఆయన జాలీ అర్ర కట్టాడు. వెదురు గుంజలు, చుట్టూ ఇనుప జాలీ, మూడు వైపులా గోనెపట్టాలు. పైన సగం రేకు, సగం ఖాళీ జాలీ, వానలో తడవడానికి. ఈ జాతి పిరికిది. ఎవరైనా ఉరికొస్తే బెదిరి ఎగిరి తల జాలీకి కొట్టుకుంటుంది. అందుకని లోపలికి పోయేముందు ప్రతిసారీ పెద్దనాయన ఒకే మాట, ఒకే గొంతుతో అనేవాడు. "వస్తున్న బిడ్డా, వస్తున్న." అక్క కూడా అదే గొంతు పట్టేసింది. వంటింట్లోంచి వింటే లోపలికి పోయింది ఎవరో అమ్మకు తెలిసేది కాదు.

ఇవి గింజ ముట్టవు. పండ్లే తినాలి. అదీ ముక్కున కొరికి కాదు, మింగుతాయి. అందుకని బొప్పాయి, సపోట, అరటి, ఉడికించిన గెనుసుగడ్డ, అన్నీ శనగగింజంత ముక్కలు కోయాలి. ఆ పని అక్కది. పండ్లు తేవడం నాది. బడికి పోయేముందు అశోక్‌నగర్ గల్లీల్లో రావిపండ్లు, మేడిపండ్లు ఏరేవాణ్ని. సాయంత్రం నారాయణగూడ మార్కెట్లో ఒక బండామె దగ్గర మెత్తబడ్డ పండ్లు తెచ్చేవాణ్ని. ఇప్పుడు చెప్పడానికేం, వాటిలో సగం సందు మలుపులోనే నా కడుపులోకి పోయేవి.

"ఏందిరా, గింతే ఇచ్చిందా?" అనేవాడు పెద్దనాయన సంచి తూచినట్టు పట్టుకుని.

"పండ్లు వస్తలేవంట పెద్దనాయనా. బండామె పరేషాన్‌ల ఉంది."

"మరి నీ అంగి మీద సపోట ఎట్ల వచ్చింది?"

అమ్మ లోపలినుంచి అందుకునేది. "ఇంట్ల పిల్లలకు పండు లేదు గని పిట్టలకు మూడు పూటల ఫలహారం. వాడు తింటే తప్పేంది?" ఆ మాటతో నేను బతికిపోయేవాణ్ని. పక్షులు మాత్రం లావెక్కేవి కావు. ఎందుకు లావెక్కడం లేదని పెద్దనాయన రాత్రి భోజనాల దగ్గర దిగులుపడుతుంటే నేను తల వంచుకుని పప్పు కలుపుకునేవాణ్ని.

ఆయనకు ఒకటే కోరిక. దేవిడీలో పక్షులు చూసుకునే ముసలి ఉస్తాద్, హరియల్ జాలీలో ఎన్నడూ పిల్లలు చేయదని ఆయనతో అన్నాడట. చేయించి చూపించాలని పెద్దనాయన పంతం. పంతం అని మేం అనేవాళ్లం. సాయంత్రం కోఠిలోని పుస్తకాల దుకాణంలో పని ముగించుకుని వచ్చి, చిన్న స్టూలు మీద కూర్చుని, చాయ చల్లారిపోతున్నా తాగకుండా జాలీలోకి చూస్తున్న ఆ మనిషిని చూస్తే అది పంతంలాగా ఉండేది కాదు.

రెండు ఎండాకాలాలు గుడ్లు పెట్టాయి. రెండుసార్లూ నేలపాలు. ఈ పక్షికి గూడు కట్టడం రాదు. నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా వేసి అదే గూడు అనుకుంటుంది. కిందినుంచి చూస్తే ఆకాశం కనిపిస్తుంది. గాలికి కొమ్మ ఊగితే గుడ్డు జారి పోయేది. రెండోసారి ఆయన పెంకులు ఏరి తులసి కుండీలో వేశాడు.

మూడో ఎండాకాలం వంటింట్లో శిబ్బి మాయమైంది. గంజి వంచడానికి గిన్నె మీద మూస్తామే, ఆ వెదురు మూత. "శిబ్బి ఏదే? అన్నం ఎట్ల వార్చాలె?" అని అమ్మ ఒకటే గోల. అక్క దాన్ని పల్లెంలాగా వెల్లకిలా తిప్పి, జామకొమ్మల పంగలో గోనెదారంతో బిగించి, దాని మీద పుల్లలు పరిచింది. ఎవరూ చెప్పలేదు. తనకే తోచింది. ఇన్నేళ్లుగా ఆ శిబ్బి నా ఆలోచన అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అప్పుడు నేను చేసింది ఒకటే. శిబ్బి తీసింది అక్కేనని అమ్మకు చాడీ చెప్పి, అక్క వీపు మీద రెండు వేయించాను.

రెండు గుడ్లలో ఒకటి మురిగింది. ఒకటి పగిలింది. లోపలినుంచి గులాబీరంగు చర్మం, మూసుకున్న కళ్లు, పసుపు నూగు ఉన్న ఒక ముద్ద బయటికి వచ్చింది. పెద్దనాయన ఇంట్లో మనవడు పుట్టినట్టు గల్లీ అంతా బతాసలు పంచాడు. జాలీ అర్ర తాళంచెవిని నల్లదారానికి కట్టి అక్క చేతిలో పెట్టాడు.

"ఇగ ఈ అర్ర నీదే బిడ్డా. నేను కూడ నిన్నడిగే పోత లోపలికి."

అక్క ఆ చెవిని రోజంతా నడుముకు చెక్కుకుని తిరిగింది. స్నానానికి పోయినా కళ్ల ముందే పెట్టుకునేది. నాకు కడుపు మండింది. ఎండలో పడి పండ్లు ఏరింది నేను గదా అని. తిన్నది కూడా నేనేనని ఆ మంటలో గుర్తురాలేదు.

ఆ రోజుల్లోనే పెద్దనాయన స్టూలు మీద కూర్చుని అక్కకు ఆ జంట పద్ధతి చెప్పేవాడు. పొద్దెక్కినప్పటినుంచి పొద్దుగూకేదాక గూట్లో కూర్చోవడం తండ్రి వంతు. పొద్దుగూకినప్పటినుంచి పొద్దున దాక తల్లి వంతు. ఒకరు లేవకముందే ఇంకొకరు వచ్చి పక్కన నిలబడతారు. ఒకరి వంతు ఇంకొకరు చేయరు. అక్క చెవులు నిక్కబొడుచుకుని వినేది. నేను గోడవైపు తిరిగి సపోట తినేవాణ్ని.

మా పక్క మేడ మీద నా దోస్తువాళ్లకు కబూతర్లు, అంటే మామూలు పావురాలు, ఉండేవి. తెల్లవి, మచ్చలవి, మెడ ఊపేవి. వాళ్ల మామూ ఈల వేస్తే గుంపు లేచేది, గుడ్డ ఊపితే తిరిగేది, జొన్నలు చల్లితే దిగేది. ఆ దోస్తు నన్ను రోజూ ఎగతాళి చేసేవాడు.

"క్యారే, మీ హరియల్ ఎగురుతదా, లేకుంటే బొప్పాయి తిని పండుకుంటదా?"

"మస్తు ఎగురుతది."

"ఎగిరితే తిరిగొస్తదా?"

"ఎందుకు రాదు?"

"గూట్ల పిల్ల ఉందన్నవ్ గద. అయితే సూడు. మేం గట్లనే చేస్తం. ఆడదాన్ని పిల్ల మీద ఉంచి మగదాన్ని ఇడుస్తం. యాడికి పోయినా బాణం లెక్క గూటికే వస్తడు. నీకు దమ్ముంటే ఇడువు."

మర్నాడు మధ్యాహ్నం అమ్మా అక్కా ముందు వాకిట్లో వడియాలు పెడుతున్నారు. పిండి చేతులకు అంటుతుందని అక్క తాళంచెవిని వంటింటి మేకుకు తగిలించి పోయింది. అది తీసుకుని జాలీ అర్ర తెరిచాను. ఒకటి గూట్లో కూర్చుని ఉంది. ఒకటి తలుపు పక్క కొమ్మ మీద కునుకుతోంది. పిల్ల మీద కూర్చున్నది తల్లే అయి ఉంటుంది, ఇంకెవరు కూర్చుంటారు? కాబట్టి కొమ్మ మీదిది తండ్రి. పదకొండేళ్ల బుర్రకు అందులో అనుమానపడేందుకు ఏమీ కనిపించలేదు.

అది నా చేతి మీదికి తనంతట తానే వచ్చి కూర్చుందని ఇదివరకు చెప్పేవాణ్ని. కాదు. తువ్వాలు వేసి పట్టుకున్నాను. తువ్వాలులోంచి దాని గుండె నా అరచేతికి తగులుతూనే ఉంది. దోస్తువాళ్ల మేడ మీదికి పోయి వదిలాను. మా ఇంటి మీద మూడు చుట్లు తిరిగిందని కూడా చెప్పేవాణ్ని. ఒక్క చుట్టు కూడా తిరగలేదు. అశోక్‌నగర్ చెట్ల వైపు గీత గీసినట్టు పోయింది. ఆ ఆకుల్లో పడ్డాక ఆకేదో పక్షేదో తెలియలేదు.

దోస్తు ఈల వేశాడు. గుడ్డ ఊపాడు. గుప్పెట్లతో జొన్నలు చల్లాడు. జొన్న ముట్టని పక్షిని జొన్నలతో పిలిచాం. చాలాసేపటికి వాడు చేతులు దులుపుకుని, "పోయింది యార్," అని అన్నానికి దిగిపోయాడు.

నేను కిందికి వచ్చి చేసిన పని పిల్లతనం కాదు. ఇది ఎవరికీ చెప్పలేదు. తాళం మూయకుండా గొళ్లానికి వేలాడదీశాను. తలుపు జానెడు తెరిచి పెట్టాను. చెవిని మళ్లీ అదే మేకుకు, దారం ముడి అదే వైపు ఉండేట్టు తగిలించాను. తర్వాత పోయి అమ్మ పక్కన కూర్చుని వడియాల పిండి నాకాను.

నాలుగింటికి అక్క ముక్కల గిన్నెతో వెనక్కి పోయింది. "వస్తున్న బిడ్డా," అన్న మాట సగంలో ఆగిపోయింది. పెద్దనాయన వచ్చేదాక అక్కడే నిలబడి ఉంది. అప్పటికి గూట్లో పక్షి లేచి కొమ్మ మీద ఓ పక్కకు జరిగి కూర్చుంది, ఎవరికో జాగా ఇచ్చినట్టు. పెద్దనాయన దాన్ని ఒక్క చూపు చూశాడు.

"ఇది తండ్రి. పోయింది తల్లి," అన్నాడు.

నేను వదిలింది తల్లిని. ఆ భయంలో నోటికి వచ్చిన మాట ఇది. "అక్క పొద్దున తాళం ఎయ్యలేదేమో పెద్దనాయనా. ఊరికే ఏలాడుతుండె."

అక్క నావైపు చూడలేదు. తాళం వైపు చూసింది. "ఏసిననుకున్న," అంది, తనను తానే అడుగుతున్నట్టు.

ఆయన కోప్పడలేదు. అందరం వంటింటి గడపకు వచ్చాక, "పోయి తలుపేసి రా. చెవి నాకియ్యి. జర సోయి ఉండాలె గదా బిడ్డా," అన్నాడు. అక్క పోయి, తాళం వేసి వచ్చి, చెవిని ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన జేబులో వేసుకున్నాడు.

చీకటి పడుతుండగానే ఎండాకాలపు వాన వచ్చింది. వడగండ్లు రేకు మీద పడుతున్న చప్పుడు. తల్లి లేదు, తండ్రి తన వంతు కాదు కాబట్టి కూర్చోడు. ఒంటి మీద ఈక లేని ఆ పిల్ల ఆ చలికే ఆ రాత్రి చచ్చిపోయింది. పొద్దున ఎండెక్కగానే తండ్రి తన వంతుకు వచ్చి, చచ్చిన పిల్ల మీద రెక్కలు పరిచి కూర్చుని, పొద్దుగూకేదాక లేవలేదు.

పది రోజులకు పెద్దనాయన జాలీ తలుపు బార్లా తెరిచి, తెరిచే ఉంచాడు. మగపక్షి రెండు రోజులు తెరిచిన తలుపు ముందు కూర్చుని, మూడో రోజు లేదు. ఆ అర్రలో తర్వాత బొగ్గులు, కట్టెలు వేసుకున్నాం. ఇప్పుడు అక్కడ అయిదంతస్తుల హాస్టల్. కింద జిరాక్స్ దుకాణం, పైన పరీక్షలకు చదివే పిల్లలు.

పెద్దనాయనా అక్కా తర్వాత కూడా మాట్లాడుకున్నారు. అన్నం తిన్నవా, బడి ఉందా, అంతవరకే. స్టూలు పక్కన అక్క మళ్లీ కూర్చోలేదు. పెళ్లయి అంబర్‌పేట్‌కు పోయేనాడు ఆయన అక్క తల మీద చెయ్యి పెట్టాడు. ఏదో అనబోయి చెయ్యి తీసేసుకున్నాడు. ఆయన పోయేముందు ఆస్పత్రిలో మూడు దినాలు నేనే పక్కనున్నాను. చెప్పడానికి మూడు దినాలు దొరికాయి. చెప్పలేదు.

అక్క ఇప్పటికీ ఇల్లు దాటితే తాళాన్ని మూడుసార్లు లాగి చూస్తుంది. ఆటో ఎక్కాక దిగి మళ్లీ పోయి చూస్తుంది. వాళ్ల కోడళ్లు, మనవలు నవ్వుతారు. వాళ్లతోపాటు నేనూ నవ్వేవాణ్ని. ఆ తాళం దగ్గర వంగి నిలబడ్డ ఆమె వీపును చూస్తూ నవ్వేవాణ్ని.

ఇంతవరకు రాసిన కాగితాలు తీసుకుని నిన్న అంబర్‌పేట్ పోయాను. నోటితో చెప్పే ధైర్యం లేక చేతిలో పెట్టాను. అక్క కళ్లద్దాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది. తాళం వేలాడదీసిన చోట ఆగింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. చివరిదాక చదివి, కాగితాలు సరిచేసి, నా ఒళ్లో పెట్టింది.

"తప్పు రాసినవ్ రా," అంది.

"ఏది?"

"పిల్ల ఆ రాత్రి సావలేదు. నాలుగు దినాలు బతికింది. నా దగ్గర. తలుపేసి రమ్మని పంపిండు సూడు, అప్పుడే గూట్లకెళ్లి తీసి ఓణీల పెట్టుకున్న. రాత్రి తల్లి వంతు నేను చేద్దామని. పొద్దున తండ్రికి అప్పజెప్తే ఆయన సాకుతడు గద. గంతే అనుకున్న."

నేను కాగితాలు తిరగేసి ఆ వాక్యం వెతికాను.

"సచ్చిన పిల్ల మీద కూసున్నడని రాసినవ్. నువ్వు సూసినవా? నాలుగు దినాలు నువ్వు ఎనక వాకిట్లకు రానే రాలె. ఆ తండ్రి ఖాళీ గూట్ల కూసున్నడు. నేను పిల్లను పట్టుకొని జాలీ బయట నిలబడ్డ. చెవి పెద్దనాయన జేబుల కోఠికి పోయింది."

"అడగకపోయినవా అక్కా?"

"ఎట్ల అడగాలె? తాళం మర్చినదానివి నీకు చెవెందుకంటడని రోజు నోటిదాక వచ్చి ఆగిపోయిన. బొప్పాయి నమిలి పెట్టిన. మేకపాలు పెట్టిన. నాలుగోనాడు పోయింది."

నా ఒళ్లోని కాగితాల మీద వేలు పెట్టింది. తర్వాత, చిన్నప్పుడు నా లెక్కలు దిద్దిన గొంతుతోనే అంది.

"పక్షిని ఇడిసినందుకు సావలేదురా అది. అబద్ధమాడినందుకు సచ్చింది. గట్ల రాయి."